మంట ఆరాక ఎవరు ఫోటో తీస్తారు?

(అమలాపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

అణు ప్రమాదాలు జరిగిన చోట్ల, ఆ తర్వాత జనం ఎలా బతుకుతున్నారో ఫోటోలు తీసినవాళ్ళ గురించి మాట్లాడమని నన్ను అడిగారు. కోనసీమలో అణు విద్యుత్ కేంద్రం లేదు. అమలాపురంలో కూర్చుని హిరోషిమా గురించీ చెర్నోబిల్ గురించీ మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. ఆలోచిస్తూ ఉంటే నేను తీసిన మొట్టమొదటి ఫిలిం రోలు గుర్తుకొచ్చింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓ.ఎన్.జి.సి. తవ్వుతున్న 19వ నంబరు బావిలో బ్లో అవుట్ జరిగింది. ఆ మంట 65 రోజులు మండింది. విదేశాల నుంచి నిపుణులు వచ్చి పనిచేస్తే మార్చి 15 నాటికి గాని ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్ళ జనాన్ని ఖాళీ చేయించారు. మీలో నలభై దాటినవాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. చిన్నవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు.

నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. మా అన్నయ్య కెమెరా అడిగి తీసుకుని, స్నేహితురాలితో కలిసి బస్సెక్కాను. అబద్ధం చెప్పను, తీర్థానికి వెళ్ళినట్టే వెళ్ళాం. పోలీసులు ఆపిన చోట నిలబడి ఫోటోలు తీశాను. రోలులో 36 ఫోటోలు. స్టూడియోలో కడిగించి చూస్తే ముప్ఫై ఆరింట్లోనూ మంటే ఉంది. ఒకదాంట్లో నిలువుగా, ఒకదాంట్లో అడ్డంగా, ఒకదాంట్లో కొబ్బరిచెట్ల సందులోంచి. ఒక్క మనిషి లేదు.

అక్కడ మనుషులు లేరా అంటే ఉన్నారు. దారిలో ఒక బడి వరండాలో, ఊరు ఖాళీ చేసి వచ్చిన ఆడవాళ్ళు మూడు రాళ్ళు పెట్టుకుని వంట చేస్తున్నారు. ఒకామె పసిబిడ్డను ఒళ్ళో వేసుకుని చెవులు మూసి కూర్చుంది. వాళ్ళ పక్కనుంచే నడిచి వెళ్ళాను. చేతిలో కెమెరా ఉంది. తియ్యాలని నాకు తట్టలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, సంఘం పనిమీద ఆ ఊళ్ళు తిరుగుతున్నప్పుడు, అప్పట్లో ఊరు వదిలి వెళ్ళిన ఒక పెద్దావిడ పరిచయమైంది. రెండు గేదెల్ని మేపుకుని, పాలు పోసి సంసారం ఈదిన మనిషి. ఆ చప్పుడుకీ వెలుగుకీ గేదెలు బెదిరి చేపడం మానేశాయట. చూడిగేదె ఈచుకుపోయిందట. పాలు లేక వాడిక ఇళ్ళన్నీ పోయాయి. నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్ళు పొలం ఎవరి పేరున ఉంది, చెట్లెన్ని అని అడిగారు గాని పాల సంగతి అడగలేదట. తర్వాత ఒక ఆఫీసుకు వెళ్ళి అర్జీ పెడితే, నీకు గేదెలున్నాయనీ నువ్వు ఊరొదిలి ఉన్నావనీ రుజువేమిటన్నారు. రుజువెక్కడిది? 1996 నవంబరు 6 తుపానులో ఇల్లు కూలి, ఉన్న కాగితాలు కూడా పోయాయి.

నేను ఆ రోజుల్లో ఫోటోలు తీశానని తెలిసి ఆవిడ మా ఇంటికి వచ్చింది. ఆల్బమ్ తెచ్చి ముందు పెట్టాను. ఒక్కొక్కటే తిప్పి చూసింది.

“మంట నేనూ చూశానమ్మాయ్, రోజూ చూశాను. మేం ఉన్న బడి వరండా ఉందా దీంట్లో?” అంది.

లేదని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. కాఫీ తాగి వెళ్ళిపోయింది. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆవిడ అడిగిన ఆ ప్రశ్న గురించే.

ప్రమాదాన్ని ఫోటో తియ్యడం వేరు, ప్రమాదం తర్వాతి బతుకును ఫోటో తియ్యడం వేరు. మొదటిదానికి పత్రికలున్నాయి, టీవీలున్నాయి. మంట ఆరగానే వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ మర్నాటి నుంచి నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చారు, ఏం వండారు, ఎవరు మంచాన పడ్డారు, వాళ్ళకు ఎవరు చేశారు, ఏ కూలి పోయింది అన్నవి ఎవరి కెమెరాకీ అందవు. అందులో ఎక్కువ భాగం ఆడవాళ్ళు చేసే పని. కాబట్టి ఫోటోలో లేనివాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఫోటోలో లేనిది నష్టాల జాబితాలోనూ ఉండదు. ఇది పాశర్లపూడికి మాత్రమే పరిమితమైన సంగతి కాదు.

ఇప్పుడు అణు ప్రమాదాల దగ్గరకు వస్తాను. మనకి కనీసం మంట కనబడింది. రేడియేషన్ కంటికి కనబడదు, దానికి వాసన లేదు, చేతికి తగలదు. 1986 ఏప్రిల్ 26న అప్పటి సోవియట్ యూనియన్‌లో, ఇప్పటి ఉక్రెయిన్‌లో, చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం నాలుగో రియాక్టరు పేలింది. ఇగోర్ కొస్తిన్ అనే ఫోటోగ్రాఫర్ హెలికాప్టర్లో దాని మీదుగా వెళ్ళి ఫోటోలు తీశాడు. ఫిలిం కడిగి చూస్తే దాదాపు అంతా నల్లబడిపోయి ఉంది. రేడియేషన్ ఫిలింని కాల్చేసింది. పనికొచ్చింది ఒకే ఒక్క ఫోటో.

పక్కనున్న ప్రిప్యాత్ పట్టణంలోని సుమారు 49,000 మందిని మర్నాడు బస్సులెక్కించారు. మూడు రోజులకి కావలసినవి తెచ్చుకోమన్నారు. ఆ పట్టణంలో మళ్ళీ ఎవరూ కాపురం పెట్టలేదు. కాని చుట్టుపక్కల పల్లెలకు తర్వాతి సంవత్సరాల్లో వెయ్యిమందికి పైగా చెప్పాపెట్టకుండా తిరిగొచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది వయసు మళ్ళిన ఆడవాళ్ళు. తెలియని ఊళ్ళో అపార్ట్‌మెంటులో ఉండే కంటే సొంత పెరట్లో చావడం నయమనుకున్నారు.

ఆ ప్రాంతానికి ప్రపంచం నలుమూలల నుంచీ ఫోటోగ్రాఫర్లు వెళ్ళారు. ఎక్కువమంది తీసినవి పాడుబడిన బడి, నేల మీద పడి ఉన్న బొమ్మ, తుప్పు పట్టిన రంగులరాట్నం. చూడగానే గుండె ఝల్లుమంటుంది. అయినా నాకు అవి నా 36 మంటల ఫోటోల్లాగే కనబడతాయి. కొద్దిమంది మాత్రం ఆ ముసలమ్మల ఇళ్ళలో కూర్చున్నారు. దుంపలు తవ్వడం, ఆవుపాలు పితకడం, చలికాలానికి కూరలు సీసాల్లో ఊరబెట్టడం తీశారు. ఆ ఫోటోల్లో భయపెట్టేదేమీ ఉండదు. మన అమ్మమ్మల ఇంటి పెరడులాగే ఉంటుంది. ఆ దుంప ఏ నేలలోంచి వచ్చింది, ఏ సంవత్సరంలో తవ్వారు, దాన్ని ఎవరు తిన్నారు అన్నది కింద రాసి ఉంటేనే మనకి సంగతి అర్థమవుతుంది. కనబడని ప్రమాదం విషయంలో ఫోటో ఒక్కటే ఏమీ చెప్పలేదు. దాని కింద ఆ మనిషి చెప్పిన మాట ఉండాలి. బెలారస్ రచయిత్రి స్వెత్లానా అలెక్సియెవిచ్ అలాంటి మాటల్నే ఏళ్ళ తరబడి వెంటాడి రాసుకుని 1997లో చెర్నోబిల్ మీద పుస్తకం తెచ్చింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

హిరోషిమా ఇంకా పాత కథ. 1945 ఆగస్టు 6న బాంబు పడిన రోజు యోషితో మత్సుషిగె అనే పత్రికా ఫోటోగ్రాఫర్ ఆ ఊళ్ళోనే ఉన్నాడు. మియుకి వంతెన దగ్గర ఒళ్ళు కాలిపోయిన జనం కూర్చుని ఉన్నారు. వాళ్ళలో బడిపిల్లలున్నారు. కెమెరా ఎత్తడానికి ఆయనకు చేతులు రాలేదు. చాలాసేపు అలా నిలబడిపోయి, చివరికి రెండు ఫోటోలు తీశాడు. ఆ రోజంతా తిరిగితే మిగిలినవి ఐదే ఫోటోలు. ఆ తర్వాత అమెరికన్ ఆక్రమణ సైన్యం పత్రికల మీద నిషేధాలు పెట్టడంతో 1952 దాకా అలాంటి ఫోటోలను జపాన్ జనమే చూడలేకపోయారు. ఏడేళ్ళు! ఆ ఏడేళ్ళూ బతికి ఉన్నవాళ్ళు తమ గాయాలను దాచుకునే తిరిగారు.

మత్సుషిగె చేతులు ఆగిపోవడాన్ని నేను తప్పు పట్టను. నేను పాశర్లపూడిలో కెమెరా ఎత్తకపోవడానికీ ఆయన ఎత్తలేకపోవడానికీ చాలా తేడా ఉంది. ఆయనకు ఎదురుగా ఉన్నవాళ్ళు కనబడ్డారు, అందుకే చెయ్యి ఆగింది. నాకు కనబడనే లేదు.

హిరోషిమా గురించే మరో ఫోటోగ్రాఫర్ పని చెప్పాలి. ఇషియుచి మియాకో. ఆమె 2007లో అక్కడి శాంతి మ్యూజియంలో ఫోటోలు తియ్యడం మొదలుపెట్టింది. ఆమె మనుషుల్ని తియ్యలేదు, కూలిన భవనాలను తియ్యలేదు. ఆ రోజు ఆడపిల్లలు వేసుకున్న గౌన్లు, జాకెట్లు, లోదుస్తులు తీసింది. చినిగినవి, కాలినవి, పువ్వుల అచ్చు ఇంకా పోనివి. చాలావరకు ఇంట్లో చేత్తో కుట్టుకున్నవి. యుద్ధకాలంలో గుడ్డ దొరక్క పాత బట్టలు విప్పి మళ్ళీ కుట్టినవి. వాటిని మామూలు వెలుతురులో, రంగుల్లో తీసింది. లక్షమంది చనిపోయారు అన్నప్పుడు మనకు తెలియనిది ఆ కుట్టు చూస్తే తెలుస్తుంది. ఎవరో ఒక అమ్మ, ఎవరో ఒక అక్క రాత్రి దీపం దగ్గర కూర్చుని వేసిన కుట్టు అది. ఆ బట్టలు ఇచ్చిన కుటుంబాలు అరవై ఏళ్ళు వాటిని పెట్టెల్లో దాచుకున్నాయి. ఇప్పటికీ ఎవరో ఒకరు కొత్తగా తెచ్చి మ్యూజియానికి ఇస్తూనే ఉన్నారట.

మనలో ఎంతమందికి మన ఊరి ప్రమాదం తాలూకు ఒక వస్తువు ఎక్కడైనా భద్రంగా ఉంది?

ఇక కష్టమైన మాట ఒకటి చెప్పాలి. బాధితుల ఫోటోలు తియ్యడం ఎప్పుడూ మంచి పనేనని అనుకోవద్దు. హిరోషిమా, నాగసాకిల నుంచి బతికి బయటపడిన ఆడపిల్లలకు ఏళ్ళ తరబడి పెళ్ళి సంబంధాలు రాలేదు. పిల్లలు సరిగ్గా పుట్టరన్న భయం. అంచేత చాలామంది తాము ఆ ఊరివాళ్ళమని చెప్పుకోలేదు. జార్ఖండ్‌లోని జాదుగోడలో 1967 నుంచి యురేనియం తవ్వుతున్నారు. అక్కడి ఆదివాసీ పల్లెల్లో పుట్టుకతో లోపాలున్న పిల్లల ఫోటోలు దేశదేశాలు తిరిగాయి. ఆ జబ్బులకు రేడియేషన్ కారణమన్న ఆరోపణను యురేనియం కార్పొరేషన్ ఒప్పుకోలేదు. వాదన సాగుతూనే ఉంది. కాని ఆ ఫోటోలోని బిడ్డ తల్లిని ఎవరైనా అడిగారా? ఆ ఫోటో ఎక్కడ వేస్తారో చెప్పారా? ఆ ఊరి ఆడపిల్లకు రేపు సంబంధం వస్తే ఆ ఫోటో అడ్డం పడదా? భోపాల్‌లో 1984 డిసెంబరులో పూడ్చిపెడుతున్న పసిబిడ్డ ముఖం ప్రపంచమంతా చూసింది. ఆ బిడ్డ ఎవరి బిడ్డో ఇప్పటికీ తెలియదు.

ఆ ఫోటోలు వద్దని నేననడం లేదు. భోపాల్ ఫోటో లేకపోతే ప్రపంచం ఆ మాత్రం కూడా కదిలేది కాదు. ఆ ఫోటో తర్వాత ఏం జరిగిందో కూడా చూడండి. రషీదా బీ, చంపాదేవి శుక్లా లాంటి గ్యాస్ పీడిత మహిళలు ఏళ్ళ తరబడి ఢిల్లీ దాకా నడిచారు, ధర్నాలు చేశారు, చీపుర్లు పట్టుకుని కంపెనీ గుమ్మాల ముందు నిలబడ్డారు. వాళ్ళను బాధితులుగా కాకుండా పోరాడే మనుషులుగా చూపే ఫోటోలు మనలో ఎంతమంది చూశాం?

జాదుగోడ నుంచే ఇంకో ఉదాహరణ ఉంది. ఆశిష్ బిరులీ అనే హో ఆదివాసీ యువకుడు అక్కడే పుట్టి పెరిగాడు. ఫోటోలు తియ్యడం నేర్చుకుని తన ఊరినే తీశాడు. యురేనియం వ్యర్థాల చెరువు పక్కన ఇళ్ళు, ఆ దారిన పోయే పశువులు, పిల్లల ఆటలు. బయటనుంచి వచ్చినవాడు రెండు రోజులుండి ముఖాలు తీసుకుపోతాడు. ఊరివాడికి ఏ వాన తర్వాత ఏ కాలవ పొంగి ఏ గుమ్మంలోకి వస్తుందో తెలుసు. అక్కడే ఇంకో సంగతి బయటపడింది. గనిలో పనిచేసే మగవాళ్ళు తొడుక్కున్న బట్టలు ఇంటికి తెస్తే భార్యలే ఉతికేవాళ్ళని ఊరివాళ్ళు చెప్పారు. ఆ భార్యలు ఏ కార్మికుల జాబితాలోనూ లేరు. ఒక బట్టల చాకిరేవు ఫోటో, కింద ఒక వాక్యం ఉంటే ఎంత పెద్ద సంగతి అది!

జపాన్‌లోనే 2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చి ఫుకుషిమా అణు కేంద్రం దెబ్బతింది. లక్షన్నర మందికి పైగా ఊళ్ళు వదిలారు. దగ్గర్లోని ఇవాకీ పట్టణంలో కొందరు తల్లులు కలిసి అదే ఏడాది నవంబరులో తరచినె అనే పేరుతో ఒక పరీక్షా కేంద్రం పెట్టుకున్నారు. మా పిల్లలకు పెట్టే అన్నంలో ఏముందో మేమే కొలుచుకుంటామన్నారు. కూరగాయలు, మట్టి, సముద్రపు నీళ్ళు కొలిచి అంకెలు రాసిపెట్టారు. వాళ్ళెవరూ శాస్త్రవేత్తలు కారు, నేర్చుకున్నారు. ఫోటో కూడా అలాంటిదే. నేర్చుకుంటే వచ్చే పని.

ఇప్పుడు మన ఊళ్ళకి తిరిగి వద్దాం. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ వేళ ఏ వేళో ఆలోచించండి. ఊళ్ళో ఆడవాళ్ళు లేచి వాకిలి ఊడ్చి పొయ్యి రాజేసే వేళ. సహజవాయువుకు దానంతట దానికి వాసన ఉండదు. మన వంటింటి సిలిండర్ గ్యాసుకి వాసన రావాలని మెర్కాప్టాన్ అనే పదార్థం కలుపుతారు. అంటే మన కాళ్ళ కింద పైపుల్లో ఏం పోతోందో మన ముక్కుని నమ్ముకుని చెప్పలేం. కనబడని ప్రమాదం పక్కన బతకడం అంటే ఏమిటో తెలుసుకోడానికి మనం ఉక్రెయిన్ దాకా పోనక్కర్లేదు.

అణు సంగతి కూడా మన రాష్ట్రానికి దూరంగా లేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్ళు పాడయ్యాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. సంస్థ కాదంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్ల అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదనతో మత్స్యకారుల పల్లెలు ఏళ్ళ తరబడి అనిశ్చితిలో ఉన్నాయి. రేపు వాదన వస్తే, ‘మీ నీళ్ళు ముందూ ఇలాగే ఉండేవి’ అంటారు. ముందు ఎలా ఉండేవో చూపించే ఫోటో మన దగ్గర ఉండాలి. కాబట్టి ప్రమాదం తర్వాతి ఫోటో, ప్రమాదానికి ముందే మొదలు కావాలి.

కెమెరా పట్టుకోడానికి చదువు అక్కర్లేదని రుజువు చేసినవాళ్ళు మన తెలుగువాళ్ళలోనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1990ల చివర్లో వీడియో తియ్యడం నేర్చుకున్నారు. బడి మొహం చూడని వ్యవసాయ కూలీలు వాళ్ళు. కెమెరా కోణాలకు వాళ్ళు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. పటేలు అరుగు మీద కూర్చుని కూలివాళ్ళను చూసే చూపు. కంటికి కన్ను సమానంగా పెట్టి తీసేది సంగం షాట్. సంఘంలో అందరూ చాప మీద కూర్చుంటారు కదా, ఆ చూపు. కెమెరా ఎక్కడ పెట్టాలన్నది హక్కుల సమస్య అని ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు. బాధితురాలు నేల మీద కూర్చుంటే మనం నిలబడి ఫోటో తీస్తున్నామంటే మనం పటేలు అరుగు మీద ఉన్నట్టే.

ఇవాళ మనందరి చేతుల్లో కెమెరా ఉన్న ఫోన్లున్నాయి. ఇంతకాలం తప్పులు చేస్తూ నేర్చుకున్నవి నాలుగు చెబుతాను.

మొదటిది, అడగడం. మన ప్రాంతంలోనే ఒక అగ్నిప్రమాదంలో చేతులు కాలిన ఒకామె ఉంది. ఊరు చెప్పను, అది ఆమె పెట్టిన షరతు. ఫోటో తీసుకోవచ్చా అని అడిగితే, “మొహం వద్దండి. పెళ్ళి కావలసిన పిల్లుంది. చేతులు తీసుకోండి, ఈనెలు తీసేటప్పుడు” అంది. కొబ్బరాకు ఈనెలు తీసి చీపుర్లు కట్టి అమ్ముతుంది. ఇప్పుడు రెండు వేళ్ళు వంగవు. నేను ఆమె పక్కన చాప మీద కూర్చుని ఆ చేతుల్ని తీశాను. ఇదివరకు పూటకి ఎన్ని చీపుర్లు కట్టేదో, ఇప్పుడు ఎన్ని కడుతోందో ఆమె చెప్పింది, ఫోటో కింద రాశాను. ఆరు నెలలకోసారి వెళ్ళి అవే చేతులు, అదే చాప మీద తీశాను. ప్రతిసారీ మళ్ళీ అడిగాను. ఒకసారి వద్దంది, తియ్యకుండా వచ్చేశాను. నేను తీసిన ఫోటోల్లో ఒక లాయరు చేతిలో పెట్టదగినవి ఏమైనా ఉంటే అవే. ఆమె ముఖం వాటిలో ఒక్కదాంట్లోనూ లేదు.

రెండోది, రాయడం. ప్రతి ఫోటోకి తేదీ, స్థలం, తీసినవారి పేరు, ఆ మనిషి చెప్పిన మాట రాయండి. మన మాటల్లోకి మార్చకండి. ఆమె ‘గేదె చేపలేదు’ అంటే అదే రాయండి. ‘పాడి పరిశ్రమకు నష్టం’ అని రాస్తే ఆమె గేదె పోతుంది.

మూడోది, దాచడం. వాట్సాప్‌లో పంపితే ఫోటో చిన్నదైపోతుంది, లోపలున్న తేదీ వివరాలు పోతాయి. తీసిన ఫోన్లో అసలు ఫోటో చెరపకుండా ఉంచండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఫోటోని కోర్టులో పెట్టాలంటే దానితో ఒక ధ్రువపత్రం కావాలి. ఎవరు, ఏ ఫోనుతో తీశారో చెప్పగలగాలి. పర్యావరణ నష్టానికి జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో పరిహారం అడగాలంటే, 2010 నాటి చట్టం ప్రకారం, కారణం మొదట తలెత్తిన ఐదేళ్ళలోగా అడగాలి. ఏనాడు తలెత్తిందో చెప్పేది తేదీ ఉన్న ఫోటోయే. ఒక ప్రతి కాగితం మీద వేయించి ఆ ఇంటివాళ్ళకివ్వండి. తుపాను ప్రాంతం మనది. ఇంకో ప్రతి వేరే ఊళ్ళో ఉండాలి.

నాలుగోది, ఎవరిదన్న ప్రశ్న. ఫోటో తీసింది మనమే అయినా అది ఆమె బతుకు. ఏ పత్రికకి ఇస్తున్నామో, ఏ సభలో చూపిస్తున్నామో ఆమెకు ముందు తెలియాలి. వద్దంటే తీసెయ్యాలి. మన సంస్థల వార్షిక నివేదికల అట్టల మీద ఏడుస్తున్న ఆడవాళ్ళ ముఖాలు ఎన్ని వేశామో ఒక్కసారి ఇంటికి వెళ్ళాక లెక్కపెట్టుకుందాం. నేను వేసినవీ ఉన్నాయి.

మీరు ఒక ప్రశ్న అడగవచ్చు. రోజూ కూలికి పోయి, ఇంటి చాకిరీ చేసి, సంఘం పని చూసుకునే మనిషికి ఫోటోలు తీసే తీరిక ఎక్కడిది అని. న్యాయమైన ప్రశ్న. అందుకే నెలకి ఒక్క రోజు చాలంటున్నాను. ఒక ఊళ్ళో ఐదు చోట్లు ఎంచుకోండి. మంచినీళ్ళ పంపు, పంట కాలవ రేవు, ఒక కొబ్బరిచెట్టు మొవ్వు, ఒక పశువుల పాక, ఒక వంటిల్లు. ప్రతి నెలా అదే తేదీన, అదే చోట నిలబడి ఒక్కొక్క ఫోటో. ఏడాదికి అరవై ఫోటోలు. చూడ్డానికి ఏమీ ఉండదు, నిజమే. ఏ పత్రికా వేసుకోదు. ఏమీ జరగకపోతే మంచిదే, మన పిల్లలకి ఊరి ఆల్బమ్ మిగులుతుంది. ఏదైనా జరిగితే మాత్రం, ముందు ఎలా ఉండేదో చెప్పే కాగితం ఆ ఊరి ఆడవాళ్ళ చేతిలోనే ఉంటుంది.

ఆ పెద్దావిడ ఇప్పుడు లేదు. ఆవిడ అర్జీ ఏమైందో తెలుసుకోవాలని తర్వాత ప్రయత్నించాను, కాగితం దొరకలేదు. గేదెల పరిహారం ఆవిడకు రాలేదు. నా దగ్గర మంట ఫోటోలు 36 ఇప్పటికీ ఉన్నాయి. ఎప్పుడైనా ఎవరైనా కావాలని అడిగితే ఇస్తాను, ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మనం రాజోలు వైపు, మామిడికుదురు వైపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళతో విడిగా కూర్చుని ఆ ఐదు చోట్లు ఏవో నిర్ణయించుకుందాం. ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని రండి.